కిటికీ దిగుడు సందులో మా తలుపు

మా సందు మొదట్లో కార్పొరేషన్ వాళ్లు పెట్టిన నీలం బోర్డు ఉంది. దాని మీద తెల్లని అక్షరాలతో ‘కిటికీ దిగుడు సందు’ అని ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి నవ్వుకుంటారు, ఫొటో తీసుకుంటారు, ఆ తర్వాత కనబడినవాణ్ని పట్టుకుని ఈ పేరెలా వచ్చిందని అడుగుతారు. అడగడంలో తప్పులేదు. చెప్పేవాళ్లతోనే తంటా అంతా.

సందు చివర సైకిళ్లు బాగుచేసేవాడి లెక్కలో, వెనకటికి ఇక్కడ ఒక గజదొంగ ఉండేవాడు, ఏ ఇంట్లోకైనా కిటికీలోంచే దిగేవాడు. టీ కొట్టువాడి లెక్కలో, ఎప్పుడో వరద వచ్చినప్పుడు జనమంతా కిటికీల్లోంచి పడవల్లోకి దిగారు. ఈ సందులో పాదం తడిసేంత నీళ్లు నిలిస్తే చాలు, అందరికంటే ముందు గోల పెట్టేది వాడే. ఇక పడవలు ఎక్కడివో వాడికే తెలియాలి. మొన్న కాలేజీ నుంచి ఒక అమ్మాయి వచ్చి వీళ్లిద్దరికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. ఎవరో ప్రేమికుడు రోజూ ప్రియురాలి గదిలోకి కిటికీలోంచి దిగేవాడట, ఆ ప్రేమకు గుర్తుగా సందుకు ఆ పేరు నిలిచిపోయిందట. అలా పత్రికలో వేసి ఊరుకుందా? పక్కన మా ఇంటి కిటికీ ఫొటో కూడా వేసింది. అంటే ఆ ప్రియురాలిని నేనే అన్నమాట. మోకాళ్ల నొప్పులతో లేచి నిలబడలేని వయసులో నాకీ భాగ్యం కూడా పట్టింది.

దొంగా లేడు, వరదా లేదు. ఉన్నది మా ఆయన. వడ్రంగి. తను చేసిన తలుపు మీద ఒక మాట పడిందని సొంత ఇంట్లోకి తలుపులోంచి రావడం మానేసి, కిటికీలోంచి రావడం మొదలుపెట్టిన మహానుభావుడు. నా చదువు తక్కువే. కాని నా ఇంటి సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అందుకే నేనే రాస్తున్నాను.

మా ఆయన్ని చూస్తే అంత మొండిమనిషని ఎవరూ అనుకోరు. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. చెవి మీద పెన్సిలు ఉంటుంది. స్నానానికి వెళ్లేటప్పుడు కూడా తీయడం మరిచిపోతాడు. మాట బహు పొదుపు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే నోట్లో మేకులు ఉండకూడదు, ఎప్పుడూ ఉంటాయి. ఎవరింటికి వెళ్లినా మనం మనుషుల్ని చూస్తాం, ఆయన తలుపుల్ని చూస్తాడు. ఒకసారి మనిషి పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లాం. అందరూ ఆ ఇల్లాలి చుట్టూ చేరి ఏడుస్తుంటే ఈయన పక్కగది తలుపు వేసి, తీసి, మళ్లీ వేసి, నా చెవి దగ్గరకు వచ్చి “పై బందు వదులైందే” అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు నాతో చెప్పకుండా పోయి ఆ బందు బిగించి వచ్చాడు. ఆ ఇల్లాలు ఇప్పటికీ నాతో అంటుంది: “అందరూ ధైర్యం చెప్పిపోయారమ్మా. నీ మొగుడు ఒక్కడే పని చేసిపోయాడు.” అందుకే ఈయన్ని పూర్తిగా తిట్టనూ లేను, మెచ్చుకోనూ లేను. గొంతులో పడ్డ వెలక్కాయ.

మా అన్నయ్య ఈయనకు సరిగ్గా ఎదురు. పొట్టిగా, గట్టిగా, డప్పులాంటి గొంతుతో ఉంటాడు. తాపీమేస్త్రి. మా ఆయనా అన్నయ్యా కుర్రతనం నుంచి ఒకేచోట పనిచేసేవాళ్లు. అన్నయ్య గోడ లేపితే ఈయన ద్వారబంధం నిలబెట్టేవాడు. నాకు ఈ సంబంధం తెచ్చింది కూడా అన్నయ్యే. “ఇతను బిగించిన తలుపు చప్పుడు చెయ్యదే అమ్మాయ్. మనిషీ అంతే” అన్నాడు. నిజమే చెప్పాడు. చప్పుడు చెయ్యకుండానే ఇన్నేళ్లు కాల్చుకుతిన్నాడు.

మేము ఇల్లు కట్టుకున్న జాగా రెండిళ్ల మధ్య ఇరుక్కున్న ముక్క. వెనకగోడ వెనకింటివాళ్లదీ మాదీ ఒకటే. అందుకని సందువైపు ఒక తలుపు, ఒక కిటికీ తప్ప గాలి రావడానికి కూడా వేరే దారి లేదు. పనిలేని రోజుల్లో వాళ్లిద్దరే ఆ ఇల్లు కట్టారు. అన్నయ్య లోపల ఎర్రగచ్చు చేశాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఎవర్నీ లోపలికి అడుగుపెట్టనివ్వకుండా, మొహం కనిపించేదాకా పాలిష్ పట్టాడు. మా ఆయన బయట సందులో కూర్చుని తలుపు చేశాడు. ఎక్కడో కూలగొట్టిన పాత మేడలో దొరికిన దూలం కోసి చేసిన తలుపు. ఒక్క మేకు లేదు దాంట్లో. ఇద్దరూ వాళ్ల జన్మలో అంత మంచి పని చేసి ఉండరు. అదే కొంపముంచింది.

తలుపు ఎత్తి బందుల మీద నిలబెట్టి నెట్టారు. గడప దాటి సగం దాకా వెన్నలా వచ్చింది. అక్కడ గర్రుమని నేలను పట్టుకుంది. ఎర్రగచ్చు మీద తెల్లగా ఒక గీత.

అన్నయ్య ఆ గీతను కన్నకూతురి చెంప మీద గాటును చూసినట్టు చూశాడు. “బావా, నీ తలుపు నా గచ్చుని గీసేసింది” అన్నాడు.

మా ఆయన నోట్లో మేకులన్నీ ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు. అప్పుడే నాకు భయమేసింది. “బావా, నీ గచ్చు నా తలుపుకి అడ్డొచ్చింది” అన్నాడు.

తేడా ఎంతో చెప్పనా? చిటికెనవేలు మందం. ఈయన తలుపు అడుగున ఆ కాస్త మేర చిత్రిక పడితే సరిపోయేది. లేదా అన్నయ్య ఆ కాస్త మేర గచ్చు చెక్కి మళ్లీ పూసినా సరిపోయేది. ఎవరు చేసినా పూట పని. కాని చిత్రిక పడితే తలుపు తప్పని ఒప్పుకున్నట్టు, చెక్కితే గచ్చు తప్పని ఒప్పుకున్నట్టు. అన్నయ్య రసమట్టం తెచ్చి నేల మీద పెట్టి అందులో బుడగ నడిమధ్య ఉందని సందులో వాళ్లందర్నీ పిలిచి చూపించాడు. ఈయన మూలమట్టం తెచ్చి తలుపు నాలుగు మూలలూ చూపించాడు. రెండూ సరిగ్గానే ఉన్నాయి. తెరుచుకోనిది తలుపు మాత్రమే.

తప్పెవరిదో తేల్చమని నేనెప్పుడూ అడగలేదు. నాకు కావలసింది ఒక్కటే. నా ఇంటి తలుపు బార్లా తెరుచుకోవాలి, నా మనిషి అందులోంచి మనిషిలా నడిచి రావాలి. ఇంతకంటే చిన్న కోరిక ఈ భూమ్మీద ఏ ఆడది కోరి ఉంటుంది?

ఇంట్లో దిగిన కొత్తలో ఒకరోజు నేను నీళ్లబకెట్టుతో ఆ సగం తలుపులోంచి పక్కకు తిరిగి దూరుతుంటే, బకెట్టు తగులుకుని నీళ్లన్నీ నా మీదే పడ్డాయి. ఎదురింటి కుట్టుమిషన్ ఆవిడ చూసి కిసుక్కున నవ్వింది. ఆమె నన్ను వదినా అంటుంది, వరసకేం కాదు, నోటికి అలవాటు. “వడ్రంగి పెళ్లానికి వాకిలి లేదన్నట్టుంది వదినా నీ పని” అంది. ఆ సమయానికి ఇద్దరు మేస్త్రులూ సందులోనే ఉన్నారు.

“ఏమండీ, ఊరందరి తలుపులూ బాగుచేస్తారు. మన తలుపుకేం రోగం?” అన్నాను.

“తలుపుకి రోగం లేదు” అన్నాడాయన.

“గచ్చుకీ లేదు” అన్నాడు అన్నయ్య.

“మరి నాకుందా రోగం?”

మా ఆయన మేకులు తీసి జేబులో వేసుకున్నాడు. “ఆ తలుపుది తప్పు అనే మాట ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను దాంట్లోంచి రాను” అన్నాడు.

అన్నయ్య పకపకా నవ్వాడు. “మరెలా వస్తావు బావా? కిటికీలోంచా?”

ఆ మాట అనకుండా ఉంటే ఈరోజు మా సందుకు మర్యాదైన పేరు ఏదో ఒకటి ఉండేది. ఈయన కిటికీ వైపు చూశాడు. అదీ ఆయన చేసిందే. వెడల్పాటి రెండు రెక్కల కిటికీ, వేలితో తోస్తే తెరుచుకుంటుంది. అడుగు గట్టు మోకాలికి కాస్త పైన ఉంటుంది. ఊచల చట్రానికి స్క్రూలు విప్పి గోడకు ఆనించి, గట్టు మీద కాలు పెట్టి, ఇంట్లోకి దిగిపోయాడు. లోపలి నుంచి నన్ను చూసి “అన్నం పెట్టు” అన్నాడు.

ఆకలేస్తే కోపం దిగుతుందనుకున్నాను. ఆకలే దిగింది, కోపం దిగలేదు. మర్నాడూ కిటికీయే, ఆ మర్నాడూ కిటికీయే. అలాగని నేను కాళ్లావేళ్లా పడలేదు. మా పుట్టింటివాళ్లలో ఆ అలవాటు లేదు. ఆయన వంశంలో దిగిరావడం లేదు. ఇక చూసుకోండి సంసారం.

నెమ్మదిగా ఇల్లంతా కిటికీ వైపు తిరిగిపోయింది. ఊచల చట్రానికి బందులు పెట్టి అది కూడా తలుపులా తిరిగేలా చేసుకున్నాడు. బయట చెక్కమెట్టు, లోపల ఇంకో మెట్టు. కిటికీ కింద చెప్పులు, పక్కన తువ్వాలుకు కొయ్య. చివరికి లైటు స్విచ్చి కూడా ఆ పక్కకు మార్పించాడు. “దీన్ని కిటికీ అంటారా ఇంకా?” అని అడిగితే “చేసినవాణ్ని నేను, నాకు తెలుసు” అన్నాడు.

చుట్టాల పని ఇంకా ఘోరం. మా వైపువాళ్లు వస్తే తలుపులోంచి పక్కకు తిరిగి వచ్చేవాళ్లు. ఆయన వైపువాళ్లు వస్తే కిటికీలోంచి దిగేవాళ్లు. లేకపోతే ఎవరి పక్షమో తెలియదు కదా! మా ఆడపడుచు భారీ మనిషి. తమ్ముడి పరువు కాపాడాలని ఆవిడా కిటికీ ఎక్కింది. గట్టు మీద కూర్చుంది, అక్కడితో ఆగిపోయింది. లోపలికీ రాదు, బయటికీ పోదు. లోపల్నుంచి నేను లాగుతుంటే బయట నుంచి మా అన్నయ్యే నెట్టాడు. దిగాక ఊపిరి పీల్చుకుని ఆవిడన్న మొదటి మాట: “ఎంత విశాలంగా ఉందిరా తమ్ముడూ నీ కిటికీ!”

నా బీరువా సంగతి అడగకండి. అది ఆ సగం తలుపులో పట్టలేదు, కిటికీలోంచి ఎత్తుదామంటే ఊరంత బరువు. కొన్నాళ్లు ఉంచమని ఎదురింటి కుట్టుమిషన్ ఆవిడ ఇంట్లో పెట్టించాను. ఆ కొన్నాళ్లు ఇంకా అవుతూనే ఉన్నాయి. నేను ఎక్కడికైనా బయల్దేరాలంటే ముందు సందు దాటి, ఎదురింట్లో మంచి బట్టలు తీసుకుని, మళ్లీ సందు దాటి వచ్చి కట్టుకోవాలి.

ఇంత జరుగుతున్నా వాళ్లిద్దరికీ దెబ్బలాట ఉందనుకుంటే మీరు పప్పులో కాలేసినట్టే. పొద్దున్నే అన్నయ్య వచ్చి “బావా, పోదామా” అనేవాడు, ఈయన కిటికీ దిగి వెళ్లేవాడు. ఒకే క్యారేజీలో తినేవాళ్లు. ఊళ్లో వాళ్లు కలిసి కట్టిన ఇళ్లకు లెక్కలేదు, ఒక్క ఇంట్లో ఒక్క తలుపు నేలను తాకలేదు. బయట పాలూ నీళ్లూ. మా గడప దగ్గరకు వచ్చేసరికి ఉప్పూ నిప్పూ.

మా అమ్మాయికి సంబంధం చూస్తున్నప్పుడు అల్లుడివాళ్లు మొదటిసారి ఇంటికి వచ్చారు. నేను ఆయనకు ముందే చెప్పాను. “మీరు లోపలే కూర్చోండి. కదలకండి. వాళ్లు పోయాక మీ ఇష్టం, కావాలంటే కప్పు తీసి దిగండి” అని. బుద్ధిగా తలూపాడు. వాళ్లు సందు మొదట్లో కనబడగానే మర్యాద పొంగుకొచ్చి, ఎదురు వెళ్లాలని, ఠక్కున కిటికీ దిగి నమస్కారం పెట్టాడు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. అల్లుడు మాత్రం కిటికీ బందులు పట్టి చూసి “చప్పుడే రాదు మామయ్యా!” అన్నాడు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం అతనిది. అక్కడితో సంబంధం ఖాయం. నాకు ఇద్దరు మొండివాళ్లు చాలలేదని దేవుడు మూడోవాణ్ని పంపాడు.

ఇక పేరు సంగతి. అంతవరకు మా సందుకు ఎవరో దాత పేరు ఉండేది, బారెడు పేరు, ఎవరికీ నోరు తిరిగేది కాదు. బండివాళ్లకు దారి చెప్పాలంటే “కిటికీలోంచి దిగే ఆయన లేడూ, ఆ సందు” అనేవాళ్లు. అది అరిగి అరిగి కిటికీ దిగుడు సందు అయింది. బోర్డులు రాసేవాడు వచ్చిన రోజు నేను ఇంట్లో లేను. ఉంటే వాడి కుంచె విరిచేదాన్ని. తిరిగొచ్చేసరికి రంగు ఆరుతోంది.

“ఎవరయ్యా నీకీ పేరు చెప్పింది?” అన్నాను.

“అందరూ చెప్పారమ్మా. ఆ ఇంట్లో ఉండే పెద్దాయన్ని కూడా అడిగాను, అక్షరాలు కాస్త పెద్దవిగా రాయమన్నారు” అన్నాడు.

అదీ మా ఆయన. మాట పొదుపే కాని, ఎక్కడ ఖర్చు పెట్టాలో అక్కడ పెడతాడు.

ఇలా ఏళ్లు గడిచాయి. ఇద్దరి జుట్టూ తెల్లబడింది. గచ్చు మీద గీత అలాగే ఉంది, తలుపు అలాగే ఉంది. పోయిన చలికాలం మా ఆయన పడ్డాడు. కిటికీలోంచి కాదు. అన్నేళ్లు ఎక్కి దిగినా చిన్న గీటు పడని మనిషి, సెలూన్లో చదునైన నేల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ సెలూన్లో నేల ఎవరు చేశారో నేను అడగలేదు. అడిగితే ఇంకో సందుకు ఇంకో పేరు వస్తుంది.

ఆపరేషను అయింది. ఇంటికి పంపే ముందు డాక్టరు నన్ను అడిగాడు. “ఇంట్లో మెట్లున్నాయా అమ్మా?”

“మెట్లు లేవు బాబూ. కిటికీ ఉంది” అన్నాను.

డాక్టరుకు అర్థం కాలేదు. మా అమ్మాయి సిగ్గుపడుతూ విషయం చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి మా ఆయన వంక చూసి, “ఇక ఆ కాలు ఎత్తి దేన్నీ దాటకూడదు. వాకర్ పట్టుకుని నేల మీదే నడవాలి. కిటికీ మాట మరిచిపోండి” అన్నాడు.

సగం తలుపులో వాకర్ పట్టదు. పట్టినా ఈయన రాడు. నేను అదే ఆలోచిస్తుంటే ఆయనే అన్నాడు, పైకప్పు చూస్తూ: “అమ్మాయి ఇంటికి పోతాలే. అక్కడ లిఫ్టు ఉంది.”

“నాన్నా, వస్తే నాకు సంతోషమే. కానీ అమ్మ?” అంది అమ్మాయి.

“మీ అమ్మకి తన ఇల్లుంది.”

తన ఇల్లట! ఆ వయసులో విరిగిన ఎముకతో ఒకసారి ఇల్లు మారినవాళ్లు మళ్లీ తిరిగిరావడం నేను చూడలేదు. ఆయన పనిబల్ల మా ఇంట్లో ఉంది. ఆయన చేసిన కిటికీ మా ఇంట్లో ఉంది. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. చిటికెనవేలు మందం మొండితనం నా సంసారాన్ని చివర్లో రెండు ఇళ్లు చేయబోతోంది.

అల్లుడు తల గోక్కుని, “అత్తయ్యా, నేనొకటి చెప్పనా? కప్పీ కట్టి మామయ్యని కుర్చీతో సహా లేపి కిటికీలోంచి మెల్లగా దించేద్దాం” అన్నాడు.

“బాబూ, ఆయన మనిషి, సామాను కాదు” అన్నాను.

“అదీ కాకపోతే” అన్నాడు మా ఆయన, “కిటికీ కింద గోడ తీసేస్తే సరి.”

“దాన్నే తలుపంటారండీ!” అని అరిచాను. పక్క మంచాలవాళ్లు లేచి చూశారు.

అప్పుడే అన్నయ్య పళ్లసంచితో వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి, గొంతు మాత్రం డప్పే. వచ్చీరాగానే “ఎలా ఉంది బావా కాలు?” అన్నాడు. సరే, ఇద్దరూ ఒక్కచోట దొరికారు కదా అనుకున్నాను.

“ఇద్దరూ వినండి. ఎల్లుండి మన ఇంటికి ఇనుప తలుపు వస్తోంది. షాపులో మాట్లాడేశాను. నేల మీద టైల్స్ పరుస్తున్నారు. పాత తలుపు విప్పి అవతల పారేస్తారు.”

షాపులో నేను మాట్లాడలేదు. కాని మాట్లాడే ఉద్దేశం గట్టిగానే ఉంది.

ముందు అన్నయ్య అంటుకున్నాడు. “టైల్సా? నా గచ్చు మీద టైల్సా? దాంట్లో మొహం చూసుకోవచ్చే అమ్మాయ్!”

“మొహం చూసుకోడానికి అద్దం ఉంది అన్నయ్యా నాకు.”

“టైలు అంటే పింగాణీ పళ్లెమే అది! నీళ్లు పడితే కాలు నిలవదు. ఈ కాలుతో బావ దాని మీద నడుస్తాడా?”

మా ఆయన మోచేతి మీద లేచాడు. నర్సు వద్దంటున్నా వినలేదు. “ఇనుప తలుపా? డబ్బా మూత! ఎండకి కాలుతుంది, వానకి తుప్పు పడుతుంది, వేస్తే వీధంతా మోగుతుంది.”

“మోగుతుంది బావా. కంచం కిందపడ్డట్టు మోగుతుంది!”

“దానికి ఒక బందు సరిగ్గా ఉండదు.”

“టైలుకి ఒక అతుకు సరిగ్గా ఉండదు.”

ఇనుప తలుపులు చేసేవాళ్లనీ, టైల్స్ పరిచేవాళ్లనీ, వాటిని కొనేవాళ్లనీ ఇద్దరూ కలిసి తిట్టిపోశారు. ఒకరి మాట ఒకరు అందుకుంటున్నారు. మా ఇంటి వాకిలి గురించి వాళ్లిద్దరూ ఒక్క మాట మీద ఉండటం నేను మొదటిసారి చూశాను. వాళ్లు ఊపిరి తీసుకునేదాకా ఆగాను.

“అయితే మీరే చెయ్యండి” అన్నాను.

ఈయన అన్నయ్యని చూశాడు, అన్నయ్య ఈయన్ని చూశాడు.

“ఎవరు చెయ్యాలి?” అన్నాడు అన్నయ్య.

“ఇద్దరూ. ఒకేరోజు, ఒకేసారి, నా కళ్ల ముందు. బయట ఆయన సగం తియ్యాలి, లోపల నువ్వు సగం తియ్యాలి. అప్పుడు తప్పు తలుపుదీ కాదు, గచ్చుదీ కాదు. ఒప్పుకుంటారా, షాపువాణ్ని రమ్మననా?”

మా ఆయన చేయి నోటి దగ్గరకు పోయింది. ఆసుపత్రిలో మేకులు ఉండవు కాబట్టి తీసి జేబులో వేసుకోవడానికి కూడా ఏమీ లేదు. చివరికి “నా పెద్ద చిత్రిక సానపట్టి ఉందో లేదో చూడు” అన్నాడు.

పని మొదలైన రోజు సందంతా మా ఇంటి ముందే ఉంది. మా ఆయన్ని బండిలో తెచ్చి కుట్టుమిషన్ ఆవిడ ఇచ్చిన కుర్చీలో కూర్చోబెట్టారు. అల్లుడూ సైకిళ్లవాడూ కలిసి తలుపు విప్పి తెచ్చి ఆయన ముందు రెండు బల్లల మీద పడుకోబెట్టారు. ఈయన అరచేత్తో దాన్ని నిమిరాడు. లోపల అన్నయ్య మోకాళ్ల కింద గోనె వేసుకుని ఉలీ సుత్తీ పట్టుకున్నాడు.

“కానివ్వండి” అన్నాను.

బయట చిత్రిక బుస్సుమంటోంది, లోపల సుత్తి టకటకమంటోంది. ఇద్దరూ తలెత్తలేదు. చెక్కపొట్టు వచ్చి నా కాళ్ల మీద పడుతోంది, ఎర్రదుమ్ము వచ్చి నా తల మీద పడుతోంది. “సగమేనండీ!” అని బయటికి అరుస్తాను. “సగమే అన్నయ్యా!” అని లోపలికి అరుస్తాను. వింటే వాళ్లు వాళ్లెందుకవుతారు? అన్నయ్య చెక్కినచోట మళ్లీ పూసి, అది గట్టిపడేదాకా ఎవర్నీ తొక్కనివ్వలేదు. అన్నాళ్లూ మా ఆయన అమ్మాయి ఇంట్లో ఉండి, గచ్చు ఆరిందా అని పూటపూటా కబురు పెట్టాడు.

తలుపు మళ్లీ బిగించిన రోజు అల్లుడు ఒక్క వేలితో తోశాడు. ఎక్కడా ఆగకుండా వెళ్లి గోడకు ఆనుకుంది. సందులో వాళ్లు చప్పట్లు కొట్టారు. కుట్టుమిషన్ ఆవిడ కళ్లు ఒత్తుకుంది. మళ్లీ మూసి చూశాం. తలుపు కింది నుంచి సందులో పిల్లి మెల్లగా లోపలికి వచ్చి, మమ్మల్నందర్నీ ఒకసారి చూసి, మంచం కిందికి పోయింది.

వాళ్లు సగం సగం తీయలేదు. ఇద్దరూ మొత్తానికి మొత్తం, ఇంకాస్త ఎక్కువే తీశారు.

“ఇదేంటి అన్నయ్యా?” అన్నాను.

అన్నయ్య గొంతు మొదటిసారి తగ్గింది. “బావకి తుంటి విరిగి ఉంది కదే. కూర్చుని ఏం చిత్రిక పట్టగలడులే పాపం అని, వాడి వంతు కూడా నేనే చెక్కాను.”

మా ఆయన వైపు తిరిగాను. ఆయన తలుపు అంచు వేలితో తడుముతున్నాడు. “మీ అన్నయ్యకి చేతులు వణుకుతున్నాయి. ఏం చెక్కగలడులే పాపం అని...” అంటూ మిగతాది మింగేశాడు.

ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి తాళం వేద్దామనిపించింది. ఇది ఇన్నేళ్ల కిందట తోచి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది?

సరే. ఆయన వాకర్ పట్టుకుని లేచాడు. నేలతో సమంగా ఉన్న గడప ముందు నిలబడ్డాడు. చేయి చాచి తలుపు మీద ఒకసారి వేసి, వాకర్ ఎత్తి లోపల పెట్టి, మంచి కాలు ముందు వేసి లోపలికి వచ్చాడు. నా మనిషి నా ఇంట్లోకి తలుపులోంచి వచ్చాడు.

వచ్చి అలాగే నిలబడిపోయాడు. ఎవరో తెలియని ఇంట్లోకి పొరపాటున వచ్చినవాడిలా చుట్టూ చూస్తున్నాడు. తువ్వాలు కోసం చేయి గోడ మీదకు పోయింది, అక్కడ కొయ్య లేదు. స్విచ్చి కోసం తడిమాడు, అదీ లేదు.

“ఏమే, చెప్పులు ఎక్కడ విడవాలి?” అన్నాడు.

“మామూలు చోటే. కిటికీ కింద” అన్నాను.

చెప్పులతోనే వాకర్ జరుపుకుంటూ, అన్నయ్య కొత్తగచ్చు మీంచి, గది ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లి, కిటికీ కింద చెప్పులు విడిచి, తువ్వాలు తీసుకుని, మళ్లీ అంత దూరమూ తిరిగి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. “అన్నం పెట్టు” అన్నాడు.

ఇప్పుడు తలుపు కింద సందు సంగతి నడుస్తోంది. తలుపుకి అడుగున చెక్కపట్టీ కొడితే పోతుందని అన్నయ్య అంటాడు. నేల కాస్త లేపితే పోతుందని ఈయన అంటాడు. ఎవరూ కదలరు. నేను పాత గోనె చుట్టి అక్కడ అడ్డం పెడతాను, పిల్లి దాన్ని రోజూ అవతలికి నెట్టి వస్తుంది.

తలుపు తెరుచుకుంది కదా అని ఎదురింటి నుంచి నా బీరువా తెప్పించాను. నలుగురు మోసుకుని గడప దాటించారు. ఇంట్లో అది పట్టే గోడ ఒక్కటే ఉంది, కిటికీ ఉన్న గోడ.

“కిటికీకి అడ్డం పెడతావా?” అన్నాడు మా ఆయన. నోట్లో మేకులు తీసి జేబులో వేసుకున్నాడు.

బీరువా మళ్లీ సందు దాటింది. కుట్టుమిషన్ ఆవిడ మాత్రం సంబరపడి, “ఇక రావేమో అనుకున్నాను వదినా” అంటూ దాన్ని పాతచోటే పెట్టించుకుంది. కాలేజీ అమ్మాయి ఇంకోసారి వస్తే ఇవన్నీ రాసుకోమని చెప్పండి. నేను ఎదురింట్లో బట్టలు తీసుకుంటూ ఉంటాను.